చుక్కల సిస్టర్ రెండో కన్ను

పాతబస్తీ వాళ్ళంతా వచ్చే ఒక ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. పని ఏమిటంటే జనం కళ్ళల్లో చుక్కలు వేయడం. హాజరుపట్టీలో నా పేరు రూతమ్మ. మిగతా అన్నిచోట్లా చుక్కల సిస్టర్‌నే. ఒకసారి కూరగాయల మార్కెట్లో ఒకాయన నన్ను చూసి, అలవాటు కొద్దీ తల వెనక్కి వాల్చి కళ్ళు పైకెత్తాడు.

ఇప్పుడు రిటైరయ్యాను. నా కుడికన్ను చాలావరకు పోయింది. మనిషి వచ్చాడని తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు. కొందరు చుట్టాల విషయంలో అది లాభమే. ఎడమకన్ను ఉంది. అది ఉంటుందా, కుడిదాని దారే పడుతుందా అన్న భయంతోనే రోజూ లేస్తున్నాను. కొత్తగా ఈ డ్యూటీలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే, ఆ రెండూ నేను కూర్చున్న స్టూలు మారకుండానే వచ్చాయి.

తలుపు తీసే పని

కంటి లోపల, వెనకగోడకు అంటుకుని రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. చూపంతా దానిదే. గోడకు అతికించిన పోస్టరు తడిసి ఊడినట్టు ఆ పొర ఊడిందంటే చూపు పోతుంది. దాన్ని మూలమూలలా చూడాలంటే కంటిపాప పెద్దది కావాలి, అందుకే చుక్కలు. వేసి, కళ్ళు మూయించి, మళ్ళీ వేసి, అరగంటకు పైగా బెంచీ మీద కూర్చోబెట్టాలి. ఆ తర్వాత నాలుగైదు గంటలు అక్షరం కనబడదు, ఎండలోకి వెళితే కన్ను తెరవలేరు. అందుకే చుక్కలంటే ఎవరికీ ఇష్టం ఉండదు. సూది వేయించుకునేవాడు సిస్టర్‌ను తిట్టడు. చుక్కలు వేయించుకునేవాడు తిట్టకుండా ఉండడు.

డ్యూటీలో చేరిన రోజున మా విభాగం పెద్ద సారు నన్ను పిలిచారు.

"రూతమ్మా, నీ పనేంది?"

"చుక్కలు వేసుడు సార్."

"కాదు. తలుపు తీసుడు. నువ్వు తీయని తలుపు లోపలికి నేను చూడలే. మూసిన తలుపు ముందల నిలబడి లోపల అంత మంచిగుందని రాసేటోన్ని డాక్టరంటరా?"

అంటారని ఆ తర్వాత తెలిసింది. ఎందుకంటే మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పేషెంటు రాగానే "ఏ కన్ను?" అని అడిగేవాళ్ళం. ఎడమ అంటే ఎడమ కనుబొమ్మ పైన తెల్ల ప్లాస్టరు ముక్క అతికించేవాళ్ళం. ప్లాస్టరు ఉన్న కంట్లోనే చుక్కలు. రద్దీ తగ్గుతుంది, మందు మిగులుతుంది, పేషెంటు రెండో కంటితో చూసుకుంటూ ఇంటికి పోతాడు. అందరికీ సుఖం. ప్లాస్టరు లేని కంటికి డాక్టరు ఓసారి టార్చి కొట్టి "రెండో కన్ను నార్మల్" అని రాసేవారు. మా ఆసుపత్రిలో రెండో కన్ను చూడకముందు నుంచే నార్మల్.

నిజానికి ఒక కంట్లో పొర ఊడినవాడికి రెండో కన్ను మీదే కన్నేసి ఉంచాలి. రెండూ ఒకే తల్లి కడుపున పుట్టినవి. ఒకదాంట్లో పొర పల్చబడిందంటే రెండోదాంట్లోనూ పల్చబడి ఉండొచ్చు. చాలామందికి ఏమీ కాదు. అయ్యేవాళ్ళు ఎవరో తెలుసుకోవడానికి ఉన్న దారి మాత్రం ఒక్కటే, చుక్క వేసి చూడటం. ఈ సంగతి మాకందరికీ తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాం కూడా.

ఖలీల్ భాయ్ గడియారాలు

చార్మినార్ దగ్గర, గాజుల దుకాణాల వెనక సందులో ఖలీల్ భాయ్ గడియారాలు బాగుచేసేవాడు. కుడికంటికి నల్ల భూతద్దం బిగించి, ఎడమకన్ను మూసుకుని పనిచేయడం ఆయన పద్ధతి. కుడికంట్లో పొర ఊడిన రోజే వచ్చాడు. ఆ కంటితోనే కదా బతుకు.

"సిస్టర్, గడియారంల ఆరు మీద పరదా పడ్డది. అయిదు, ఏడు గూడ పోతున్నయి," అన్నాడు.

ఆపరేషన్ చేశారు, చూపు నిలిచింది. కానీ ఆవగింజంత స్క్రూలు పట్టే చూపు మాత్రం తిరిగి రాలేదు. భూతద్దాన్ని ఎడమకంటికి మార్చుకున్నాడు. అన్నేళ్ళూ మూసిపెట్టిన కన్నే ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టాలి.

నెలనెలా చూపించుకోవడానికి వచ్చేవాడు. ప్లాస్టరు ఎప్పుడూ కుడివైపే. లోపల డాక్టర్లు వంతులవారీగా ఆ కన్ను చూసి మురిసిపోయేవారు, చదువుకునే పిల్లల్ని పిలిచి మరీ చూపించేవారు. పెళ్ళిలో పెళ్ళికొడుకు చుట్టూ మూగినట్టు అందరూ దాని చుట్టూనే. పక్కనున్న ఎడమకన్నును పలకరించిన పాపాన ఎవరూ పోలేదు.

ఒక రోజు బెంచీ మీద కూర్చుని అన్నాడు: "సిస్టర్, ఎడమ దాంట్ల అప్పుడప్పుడు బిజిలీ మెరిసినట్లయితుంది. టేబుల్ లైటుదేమో."

పొర చిరిగేముందు కనబడేవి మెరుపులే. ఆ మాట వింటే మా చెయ్యి దానంతట అదే సీసా మీదికి పోవాలి. పోయింది కూడా. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నై సిస్టర్, ఏక్ హీ ఆంఖ్ మే డాలో, ఒక్క కుడి దాంట్లనే. గీ ఎడమది బంద్ చేస్తే సాయంత్రందాంక నా చెయ్యి ఆడది. షాదీల సీజన్, మస్తు మందికి మాటిచ్చిన. వచ్చే నెల రెండిట్ల వేస్తువు, ఖసమ్ సే, ఒట్టు."

ఆయన మొహం చూసి నాకు జాలి వేసింది. జాలి మంచిదే, కానీ సీసా పట్టుకున్న చేతికి అది పనికిరాదు. "సరే భాయ్, వచ్చే నెల తప్పించుకోవద్దు మరి," అని కుడికంట్లోనే వేశాను. లోపల కొత్త డాక్టరు ఎడమకంటికి టార్చి కొట్టి "రెండో కన్ను నార్మల్" అని రాశారు. దాని కింద పెద్ద సారు సంతకం పెట్టారు.

వచ్చే నెల దాకా అక్కర్లేకపోయింది. పది రోజులకే తమ్ముడి భుజం పట్టుకుని వచ్చాడు. ఎడమకంట్లో పొర మధ్య దాకా ఊడిపోయింది.

పెద్ద సారు నన్ను పిలిచారు. "అప్పుడు ఎడమ దాంట్ల చుక్కలెందుకు వెయ్యలే?"

"పేషెంట్ వద్దన్నడు సార్."

"పేషెంట్ వద్దంటే ఆపరేషన్ థియేటర్ బంద్ జేస్తమా? చిన్నపోరగాడు ఏడ్తే సూది ఆపుతమా? చుక్కకే వచ్చిందా గీ మర్యాద?"

ఆయన చాలాసేపు అరిచి, ఆ కాగితం తిరగేసి కింద తన సంతకం చూసుకుని, ఆగిపోయారు. ఆయన సర్వీసులో అరుపు మధ్యలో ఆపడం నేను చూసింది అదొక్కసారే. మర్నాడు ప్లాస్టరు ముక్కల ఆచారం ఎత్తేశారు. ఆయన మంచి బాసు అని నేనెప్పుడూ అనను. కానీ తన సంతకం కనబడ్డ చోట గొంతు తగ్గించిన బాసును మళ్ళీ చూడలేదు.

ఖలీల్ భాయ్‌కి రెండోసారి ఆపరేషన్ అయింది. నడవగలడు, నోటు గుర్తుపడతాడు. గడియారం విప్పలేడు. పట్టాలు మారుస్తాడు, సెల్లులు వేస్తాడు. డిశ్చార్జి రోజున నేను దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన నవ్వాడు.

"మీ తప్పేముంది సిస్టర్. మీరు నా మాట విన్నరు, గంతే."

ఓదార్చడానికే అన్నాడు. కానీ నా తప్పు సరిగ్గా అదే. ఆనాటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి సిస్టర్‌కూ మొదటి పాఠం అదే చెప్పాను: "రెండిట్ల వెయ్యాలె. కాళ్ళు పట్టుకున్నా ఆపొద్దు. తిడ్తే తిట్టనియ్యి."

దీపం కింద చీకటి

ఇక నా సంగతి. బడి రోజుల నుంచీ నాకు సోడాబుడ్డి అద్దాలు, మైనస్ తొమ్మిది. అంత పవరున్న కళ్ళల్లో పొర పల్చబడుతుందని, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని చూపించుకోవాలని రోజూ బెంచీ నిండా జనానికి చెప్పేదాన్ని. నా కళ్ళల్లో మాత్రం ఒక్కసారి కూడా చుక్క పడలేదు. టైమేదీ? జనం కళ్ళకే సరిపోయేది.

సర్వీసు ఇంకా ఏడాది ఉందనగా కుడివైపు మసక వచ్చింది. అద్దాలు తుడుచుకున్నాను. నాలుగు రోజులు తుడుచుకున్నాను. ఒక మంచి కన్ను తెరిచి ఉంటే చెడ్డదాని లోటు కప్పేస్తుంది, అందుకే ఒకటి మూసి ఒకటి చూడాలి. ఇదీ నేను రోజూ చెప్పే ముక్కే. అయిదో రోజు మొహం కడుగుతుంటే ఎడమకంట్లో సబ్బు పడింది. అది మూసుకోగానే స్నానాలగది సగం లేదు.

ఆపరేషన్ చేసి, పొర గోడకు అంటుకోవడానికి కంట్లో నూనె నింపి, బోర్లా పడుకోమన్నారు. వారాల తరబడి నేలతో మాట్లాడాను. చూడటానికి వచ్చినవాళ్ళు నా వెనకజుట్టుకు ధైర్యం చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవారు. ఒకావిడ కిలోల లెక్కన క్యారెట్లు తెచ్చింది. ఇంకొకావిడ టీవీ ఒక కంటితోనే చూడమంది, రెండోది అరిగిపోకుండా. చర్చిలో నా కుడికన్ను కోసం గట్టిగా ప్రార్థన చేశారు. ఎడమదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. దేవుడి దగ్గర కూడా ప్లాస్టరు ముక్క కుడివైపే.

పెద్ద సారు అప్పటికే రిటైరయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న డాక్టరమ్మ నా ఎడమకన్ను చూసింది. పొర రెండుచోట్ల పల్చగా ఉందని, వాటి చుట్టూ లేజరుతో కుట్టు వేసినట్టు కాల్చింది.

"ఇంక ఫికర్ లేదా మేడం?" అన్నాను.

"ఎందుకుండది సిస్టర్? కొత్తజాగల చిరగొచ్చు. మెరుపులొస్తే, నల్లచుక్కలొస్తే, పరదా పడ్డట్లయితే అదే రోజు రావాలె. మీకు నేను చెప్పాల్నా."

చెప్పాలి. ఆ మూడు మాటలు ఎన్ని వేలమందికి చెప్పానో లెక్కలేదు. బెంచీకి ఇటువైపు నిలబడి చెప్పేటప్పుడు అది సలహాలా ఉండేది. అటువైపు కూర్చుని వింటే తీర్పులా వినబడింది. మేము చెప్పింది విని పేషెంట్లు ఎందుకు నవ్వేవారో, ఎందుకు మాట మార్చేవారో అప్పుడు అర్థమైంది. భయం వేసిన మనిషి తెలివితక్కువవాడిలా కనబడతాడు. పిల్లలూ, అది గుర్తుపెట్టుకోండి.

కిటికీ చువ్వలు

మా ఇల్లు సైదాబాద్‌లో. రోజూ పొద్దున్నే కుడికన్ను అరచేత్తో మూసి, ఎడమకంటితో వంటింటి కిటికీ చువ్వలు లెక్కపెడతాను. పదకొండు. ఒకటి వంకర. ఆ వంకర మా మేస్త్రీది, నా కంటిది కాదు. పదకొండూ కనబడితే పొయ్యి వెలిగిస్తాను.

మా ఆయన దేవదానం సిటీబస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. "మంది పొద్దుగాల లేచి దేవునికి మొక్కుతరు, మా ఇంట్ల చువ్వలకు మొక్కుతరు," అంటాడు. అంటూనే ఆ కిటికీకి పరదా వేయనివ్వడు.

మొదట్లో చీటికీమాటికీ ఆసుపత్రికి పరిగెత్తాను. ఒకసారి తలనొప్పి, ఒకసారి కంట్లో వెంట్రుక. మూడోసారి మాత్రం నిజంగానే మెరుపులు. సాయంత్రం ఎడమవైపు అంచున తళుక్కు, మళ్ళీ తళుక్కు. రెండు జతల చీరలు సర్దుకుని, పక్కింటావిడకు తాళం ఇచ్చి, ఏడుస్తూ ఆటో ఎక్కాను. చుక్కలు వేసి అంతా వెతికారు. ఏమీ లేదు. ఇంటికొచ్చి కూర్చుంటే మళ్ళీ తళుక్కు.

దేవదానం కిటికీ దగ్గరికి పోయి చూశాడు. "గది వెల్డింగ్ షాపే. మన సందు మలుపుల కొత్తగ పెట్టిన్రు. నీ కన్ను కాదు, వాని గేటు."

వారం రోజులు ఇల్లంతా అదే నవ్వు. పాత డ్యూటీవాళ్ళకు కూడా తెలిసిపోయింది. "సిస్టర్, వెల్డింగ్ ఎట్లుంది?" అని ఫోన్లు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వుతో ఒక చెడు జరిగింది. ఇక ఊరికే పోయి పరువు తీసుకోకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. జబ్బును లేటు చేసేది పేషెంటు బద్ధకం అని మా క్లాసుల్లో చెప్పేవారు. బద్ధకం కాదు, సిగ్గు. దానికి చుక్కల మందు లేదు.

శుక్రవారం

ఆ రోజు దేవదానం జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. నేను వంటింట్లో వెల్లుల్లి వలుస్తున్నాను. ఎడమ అంచున తళుక్కుమంది. "వెల్డింగ్," అనుకుని ఇంకో రెబ్బ తీశాను. మళ్ళీ తళుక్కు. ఇంకో రెబ్బ. గిన్నె సగం నిండాక కానీ ఒక సంగతి తట్టలేదు. ఇనుము కోసే రొద వినబడటం లేదు. ఆ రోజు శుక్రవారం. మా సందులో శుక్రవారం ఏ షట్టరూ లేవదు. వెల్డింగ్ షాపు యజమాని మధ్యాహ్నం నమాజు కోసం పొద్దున్నే తెల్ల బట్టలు వేసుకుని నాకు సలాం కూడా చెప్పాడు.

కుడికన్ను మూసి చూశాను. చువ్వలు పదకొండూ ఉన్నాయి. వాటి మీద మిరియాలపొడి చల్లినట్టు నల్లచుక్కలు, కన్ను ఎటు తిప్పితే అటు ఈదుతున్నాయి.

ఎవరికీ ఫోన్ చేయలేదు. ఒక్కదాన్నే ఆటోలో వెళ్ళాను. చుక్కల గదిలో నా స్టూలు మీద శిరీష కూర్చుని ఉంది. నేను పని నేర్పిన పిల్లే.

"మేడం, మీరా? ఏమైంది, మళ్ల వెల్డింగా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "మెరుపులు ఏ కంట్ల?"

"ఎడమ... గంత పెద్దగ ఏం లేదు బిడ్డా. ఒక పని జెయ్. కుడి దాంట్ల వెయ్యి, ఆపరేషన్ అయిన కన్ను కద, ఎట్లైన చూడాలె. ఎడమది టార్చి కొట్టి చూస్తరు. నేనొక్కదాన్నే వచ్చిన. ఉన్నదే ఒక్క కన్ను, అది మసకైతే ఇంటికెట్ల పోత?"

ఈ మాటలు నేనే అన్నాను. ఇంటికి పోవడం ఒక సాకు. చుక్క వేయకపోతే తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకోకపోతే లోపల అంతా బాగున్నట్టే. రెండో కన్ను నార్మల్ అని ఎవరైనా రాస్తే చాలు, నమ్మేసి ఇంటికి పోదామనుకున్నాను.

"రెండిట్ల వేస్త మేడం," అంది శిరీష.

"చెప్తే అర్థం కాదా? నువ్వు పుట్టకముందు నుంచి గీ సీసా పట్టిన నేను."

"మీరే చెప్పిన్రు కద. కాళ్ళు పట్టుకున్నా ఆపొద్దన్నరు. తిట్టనియ్యమన్నరు."

నేను తిట్టాను. నలుగురూ వినేలా తిట్టాను. ఆమె నా గడ్డం పట్టి తల వెనక్కి వాల్చి, బొటనవేలితో ఎడమ కింది రెప్ప లాగి, చుక్క వేసింది. ఎలా లాగాలో కూడా నేనే నేర్పాను.

బెంచీ మీద కూర్చున్నాను. ఎదుటి గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. తర్వాత గోడ. పక్కన ఎవరో దగ్గుతున్నారు, మొహం లేదు. పొర ఊడిందంటే మిగిలిన బతుకు ఇలాగే ఉంటుందని తెలిసింది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "పైన కొత్త చిరుగుంది సిస్టర్, మూల మీద. పొర ఇంక ఊడలే. టార్చి కొడ్తే జన్మల దొరికేది కాదు. లేజరు ఇయ్యాల్నే చేద్దాం."

అప్పుడే చేసేసింది. శిరీష దేవదానానికి ఫోన్ చేసింది. జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "చూస్కొని, స్టాప్ వచ్చింది, దిగు... రైట్," అన్నాడు.

కొన్నాళ్ళకు గడియారం పట్టా తెగితే చార్మినార్ వెళ్ళాను. ఖలీల్ భాయ్ ఇప్పటికీ అక్కడే, అదే అద్దాల పెట్టె ముందు. కళ్ళతో కాక వేళ్ళతో వెతికి పట్టాలు తీస్తాడు. గొంతు విని గుర్తుపట్టాడు. జరిగిందంతా చెప్పాను.

"అయితే మీరు గూడ వద్దన్నరా, సిస్టర్?"

"అన్న భాయ్."

"మరి గా పిల్ల?"

"నా మాట వినలే."

ఆయన తల ఎత్తలేదు. పట్టా పుల్లను తడుముకుని రంధ్రంలో దూర్చి, రెండుసార్లు లాగి చూసి, గడియారం నా చేతిలో పెట్టాడు.

"మంచి సిస్టర్," అన్నాడు.